పెండ్లికూతురి ఛాయాచిత్రము: దాని పూర్వోత్తరములు

సంఘ వార్షిక మహాసభల సందర్భమున వెలువడు ఈ సంచికకు చరిత్ర విషయమై యొక వ్యాసము వ్రాయవలసినదని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. మన పూర్వుల దానధర్మములను గూర్చియు, సత్రములను, విద్యార్థి వసతిగృహములను గూర్చియు, సంఘస్థాపకుల జీవితములను గూర్చియు వ్రాయ సమర్థులైనవారు మనలో పెక్కుమంది కలరు. వారు ప్రతివత్సరమును వ్రాయుచునే యున్నారు. ఆ వ్యాసములతోపాటు అచ్చుపడు పటములను పాఠకమహాశయులు గమనించియే యుందురు. తలపాగలు, ఉత్తరీయములు, చేతికఱ్ఱలు, మెలివేసిన మీసములు. వాని నడుమ స్త్రీమూర్తి యొక్కటియైనను కానరాదు.

స్త్రీల పటములు మన యిండ్లలో లేక కాదు. అవి గోడలమీద కాక పెట్టెల యడుగున, పాతచీరల మడతలలో నున్నవి. వానిలో ముఖ్యమైనది, తఱచుగా నాటి స్త్రీకి జీవితకాలమున నొక్కటే యైనది, పెండ్లిదినములలో ఆమె నొక్కతెను కూర్చుండబెట్టి తీసిన పటము. దంపతుల పటము వేఱు, బంధువుల గుంపుపటము వేఱు. మేము చెప్పునది పెండ్లికూతురు తానొక్కతెయే యుండు పటమును గూర్చి. ఇదియు నొక చరిత్రమేనా యని నవ్వువారుందురు. నవ్విన పిమ్మటనైనను చదువగోరుచున్నాము.

ఛాయాచిత్రము పుట్టకపూర్వము సామాన్యగృహస్థుల యింట స్త్రీరూపమును నిలుపు సాధనమే లేదు. గోలకొండ, తంజావూరు ఆస్థానములలో చిత్రకారు లుండిరి గాని, వారు రాజులను, రాజభోగములను చిత్రించినవారు. మన వంశవృక్షములను విప్పిచూచినచో తండ్రి పేరు, కొడుకు పేరు, మనుమని పేరు వరుసగా దిగివచ్చును. వారిని కన్న తల్లుల పేర్లు మూడు తరములకు పైన చెప్పగలవారు మనలో నెందరు? రూపమును పోయినది, పేరును పోయినది.

1839వ సంవత్సరము ఆగస్టు 19వ తేదీన పారిసు నగరమున డాగెరు కనిపెట్టిన విధానము లోకమునకు వెల్లడి చేయబడెను. మఱుసటి యేడే కలకత్తాలో ఆ యంత్రములు అమ్మకమునకు వచ్చెను. 1854లో బొంబాయియందును, 1856లో కలకత్తా, మద్రాసులయందును ఛాయాచిత్రకారుల సంఘము లేర్పడినవి. మద్రాసు సంఘమునకు మూలపురుషుడు అచటి కళాపాఠశాలను స్థాపించిన అలెగ్జాండరు హంటరు అను వైద్యుడు. ఆ తొలినాళ్లలో యంత్రము మొగము త్రిప్పినది దేవాలయములవైపు, కోటలవైపు. పిమ్మట మనుష్యులవైపు త్రిప్పినప్పుడును మనుష్యులను మనుష్యులుగా చూచినది కాదు.

ఈ విషయము కులసంఘసభ్యులమగు మనము ప్రత్యేకముగా నెఱుగదగినది. 1868 మొదలు 1875 వఱకు 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' యను పేర ఎనిమిది సంపుటములు లండనులో ప్రకటింపబడెను. దేశమందలి జాతులను, కులములను పటములతో వర్ణించు గ్రంథమది. పటము క్రింద తఱచుగా నుండునది కులము పేరు, ఊరి పేరు. అచట నిలిచిన మనుష్యుడు ఎవని కొడుకో, ఆ స్త్రీ ఎవరి తల్లియో పాలకులకు అక్కఱలేదు. తరువాత 1909లో మద్రాసు మ్యూజియము అధ్యక్షుడగు థర్‌స్టను దొర, రంగాచారిగారి సాహాయ్యముతో దక్షిణదేశపు కులములను గూర్చి ఏడు సంపుటములు ప్రకటించెను. ఆయన ముక్కు పొడవును తల వెడల్పును కొలతపనిముట్లతో కొలిచినవాడు. ఆ సంపుటములను మన సంఘ చరిత్రకారులు ప్రమాణముగా నుదహరింతురు. ఉదహరింపవచ్చును. అయితే కొలువబడినవారి పేర్లు అందు వెదకి చూడుడు.

మన యిండ్లలోని పెండ్లికూతురి పటము దీనికి మాఱుమొగమైనది. దానిని తీయించినది పాలకుడు కాదు, పిల్ల తండ్రి. డబ్బిచ్చినది ఆయనయే. అందు కూర్చున్నది ఒక కులమునకు మచ్చుతునక కాదు, ఫలానివారి అమ్మాయి. ఆ 'ఫలానివారి' యనుమాట దగ్గరనే మా పేచీ యంతయు నున్నది. దానిని ముందు చెప్పెదము.

స్త్రీలు యంత్రము నెదుట నిలుచుటకు మొదట అడ్డంకులు పెక్కులు. పటము తీసినచో ఆయుర్దాయము తగ్గునను నమ్మకము మన తాతలనాటిది, దాని నిప్పటికిని పలుకువారు పల్లెలలో లేకపోలేదు. పరపురుషుడు నల్లగుడ్డలో తలదూర్చి ఇంటి ఆడపిల్లవైపు చూచుట యొకటి, మెడ యిటు త్రిప్పుము, గడ్డము పైకెత్తుము అని ఆమెతో మాటాడుట మఱియొకటి. నాటి తడిపలక విధానమున గాజుపలకకు మందు పూసి, అది యారకముందే పటము తీసి, అప్పుడే చీకటిలో కడిగి తేల్చవలెను. పటము పడుటకు కొన్ని సెకండ్లకాలము కదలకుండవలసియుండుటచే తల వెనుక ఇనుపకొక్కెమును బిగించువారు. సిగ్గుచే తలయెత్తని పిల్ల యీ సరంజామా నడుమ ఎట్లుండునో యూహింపుడు.

గోషా పాటించు కుటుంబములలో సమస్య మఱింత బిగువైనది. దీనికి మార్గము చూపిన ఘనత మన హైదరాబాదు నగరమునకు కలదు. మీరటు సమీపమున సర్ధనాయందు 1844లో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరున ఉద్యోగము చేసిన లాలా దీనదయాళు, ఆఱవ నిజాము మీర్ మహబూబు అలీఖాను కొలువులో ఆస్థాన ఛాయాచిత్రకారుడై, రాజా ముసవ్విర్ జంగు అను బిరుదము పొందెను. సికిందరాబాదున ఆయన స్టూడియో నెలకొల్పిన సంగతి అందఱు నెఱిగినదే. 1892లో ఆయన హైదరాబాదున స్త్రీలకై ప్రత్యేకముగా జనానా స్టూడియోను తెఱచెను. ఎత్తైన గోడల నడుమ నుండిన ఆ స్టూడియోను నడపినది కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనిత. పురుషదృష్టి సోకకుండ స్త్రీలు అచట తమ పటములు తీయించుకొనగలిగిరి. దీనదయాళు 1905లో మరణించెను. ఆయన గాజుపలకలు రెండువేల యెనిమిదివందలకు పైగా నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధి జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. 2006లో భారత తపాలాశాఖవారు ఆయన పేర స్టాంపు వెలువరించిరి. రాజుల వేటలు, భవనములు తీసినవాడని ఆయన నందఱును పొగడుదురు. స్త్రీకి తన రూపమును తాను చూచుకొను చోటు కల్పించినవాడని మేము పొగడుచున్నాము.

అయితే జనానా స్టూడియోకు బండి కట్టించుకొని పోగలవారు ఐశ్వర్యవంతులు. మనబోటి మధ్యతరగతి గృహస్థుల యింట ఆడుపిల్ల యంత్రము నెదుట కూర్చుండుటకు అనుమతి దొరకిన సమయము ఒక్కటే. అది వివాహము. పెండ్లినాడు వందలమంది కన్నులు ఆమెమీదనే యుండును. ఊరంతయు చూచిన పిల్లను యంత్రమును చూచినచో తప్పేమి యని పెద్దలు సమాధానపడిరి. ఈ విధముగా వివాహము ఛాయాచిత్రమునకు తలుపు తెఱచినది.

ఇచట నొక చిక్కు కలదు. మన ముహూర్తములు తఱచుగా రాత్రి వేళలవి. నాటి పలకలకు సూర్యుడు కావలెను. మెగ్నీషియము పొడిని భగ్గున మండించి వెలుగు తెప్పించు పద్ధతి 1887 నుండి యున్నది గాని, ఆ నిప్పుఱవ్వలు తాటాకుపందిరిమీద పడిన గతియేమి? పొగ కమ్మిన పెండ్లిపీటలమీద పురోహితుడు మంత్రమెట్లు చెప్పును? కావున మాంగల్యధారణ జరుగు ఘడియ పాతపటములలో మిక్కిలి అరుదు. నాటి పెండ్లిండ్లు అయిదురోజులవగుట యొక సౌకర్యమైనది. పట్టణమునుండి ఛాయాచిత్రకారుడు మూడుకాళ్ల బల్లను, గాజుపలకల పెట్టెను, నల్లగుడ్డను బండిమీద వేసికొని వచ్చును. పగటివేళ ఎండ యేటవాలుగా పడు పంచలోనో, పెరటిలోనో జంపఖానాయో దుప్పటియో తెఱగా కట్టి, కుర్చీ వేసి, పిల్లను కూర్చుండబెట్టును. అందుచేతనే పాతపటములలో నుదుట బాసికముండును, మొగమున పగటివెలుగుండును. బాసికము రాత్రిది, వెలుగు మఱునాటిది.

పట్టణములందు స్టూడియోలు వెలసిన పిమ్మట పిల్లనే అచటికి తీసికొనిపోయిరి. అద్దపుకప్పు క్రింద, మెట్లు, స్తంభములు, తోట, చెఱువు చిత్రించిన తెఱ ముందు, పూలకుండీ నుంచిన ముక్కాలిపీటపై చేయి ఆనించి నిలువబెట్టిరి. అక్షరము రాని పిల్ల చేతిలో పుస్తకము పెట్టిన పటములును కలవు. అవి చూచినప్పుడు మాకు నవ్వును వచ్చును, మఱియొకటియు వచ్చును.

పటమున నగలు స్పష్టముగా పడవలెననుట తండ్రి మొదటి కోరిక. పాపటబిళ్ల, రాగిడి, కాసులపేరు, వంకీలు, వడ్డాణము, ఒక్కటియు చీరచెఱగు చాటున పోరాదు. పిల్ల కుడిచేయి యెడమచేతిపై నుండుట వినయముచేత ననుకొందుము గాని, గాజులన్నియు కానవచ్చుటకే యని యొక వృద్ధ ఛాయాచిత్రకారుడు మాతో చెప్పెను. ఆ నగలలో కొన్ని యెరువువి. పెండ్లికి నగలెరువు తెచ్చుట మన సంఘమున నాడు సామాన్యము, అందుకు సిగ్గుపడ పనిలేదు. పటము మాత్రము ఎరువు సొమ్మును శాశ్వతముగా పిల్లకే కట్టబెట్టినది.

ఇక రంగుల మాట. దీనిని కొంచెము విపులముగా వ్రాయవలసియున్నది. నాటి పలకలకు నీలివెలుగు ఒక్కటే బాగుగా తెలియును. పసుపు, ఎఱుపు వానికి చీకటితో సమానము. జర్మనుదేశీయుడగు ఫోగెలు అను శాస్త్రజ్ఞుడు 1873లో పలకకు రంగుమందు కలిపినచో ఇతర వర్ణములును పట్టునని కనిపెట్టెను. ఎఱుపుతో సహా సర్వవర్ణములను గ్రహించు పలకలు 1906 నుండి విక్రయమునకు వచ్చినను, చిన్న పట్టణముల స్టూడియోలలో పాతరకము పలకలే చాలకాలము చెల్లినవి. ఏలన, వానిని చీకటిగదిలో ఎఱ్ఱదీపము వెలుగున కంటితో చూచుచు కడుగవచ్చును, కొత్తరకమును కటికచీకటిలో కడుగవలెను.

దీని ఫలితము మన పెండ్లికూతుండ్రపై పడినది. మంగళస్నానము చేయించి, మొగమునకు, కాళ్లకు పసుపు రాచి, కుంకుమ దిద్ది, ఎఱ్ఱంచు వస్త్రము కట్టి తెచ్చిన పిల్ల పలకమీద ఎట్లు పడును? పసుపు నలుపగును. కుంకుమ నలుపగును. ఎఱ్ఱచీర నల్లచీర యగును. శుభమని మనము వేనిని పూయుదుమో అవియన్నియు యంత్రమునకు మసి. చామనచాయ పిల్ల కఱ్ఱిపిల్లగా తేలును. తండ్రి ఆ పటము చూచి ఛాయాచిత్రకారునిమీద కోపించును. అతడు నెగెటివుమీద సన్నని పెన్సిలుతో మొగమున్న మేర మెల్లగా గీయును. అచట పెన్సిలు నల్లదనము హెచ్చినకొలది కాగితముమీద తెల్లదనము హెచ్చును. ఈ 'రీటచ్చింగు' విద్యలో ఆరితేరినవానికే ఊరిలో గిరాకి. పాతపటములలో మొగములు నున్నని బొమ్మలవలె, ముడుత యొకటి లేక, మచ్చ యొకటి లేక యుండుటకు కారణమిది.

ఈ దోషము పెండ్లిపటముతో పోయిన బాధలేదు. పెండ్లికి ముందే పిల్ల పటమును వరునివారికి పంపు నాగరికత తరువాత వచ్చినది. పెండ్లిచూపులకు ముందు పటము, పటము నచ్చిన పిమ్మట పెండ్లిచూపులు. పలక చేసిన నలుపునకు పిల్ల నలుపని త్రోసివేసిన సంబంధములు ఎన్నియో యుండును. పటమున తెలుపును చూచి వచ్చి, పిల్లను చూచి మొగము చిట్లించి పోయినవారిని మేమే చూచితిమి. ఒకటి యంత్రము తప్పు, ఒకటి పెన్సిలు తప్పు. రెంటికిని శిక్ష పిల్లకే. పెండ్లికి ముందు పటము ఇతరులు చూచి తీర్పు చెప్పుటకై తీసినది. పెండ్లిలో తీసిన పటమునకు ఆ భారము లేదు. తీర్పు ముగిసినది. ఈ రెండు పటములును ఒకే పిల్లవి దొరకినప్పుడు ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో కన్నులలో భేదము తెలియునని మేము నమ్ముదుము.

దంపతుల పటములను గూర్చి యొక మాట. మేము చూచినవానిలో వరుడు కుర్చీలో కూర్చుండును, వధువు ప్రక్కన నిలిచి నేల చూచును. అదే పిల్ల ఒంటరిపటమున చాలసారులు తిన్నగా మనవైపు చూచును. ఛాయాచిత్రకారుడు అద్దమువైపు చూడుమనుటచే చూచినదని చెప్పువారు చెప్పుదురు. కావచ్చును. ఎవరు చెప్పగా చూచినను, చూచినది ఆమెయే కదా.

పూలజడ పటమును విడిచిపెట్టినచో సోదరీమణులు మమ్ము క్షమింపరు. మల్లెమొగ్గలు, మొగలిరేకులు, కనకాంబరములు కుట్టి గంటలకొలది శ్రమపడి అల్లిన జడ వీపుమీద నుండును. మొగము ముందుండును. రెండును ఒక పలకమీద పడుట యెట్లు? దీనికి మన దక్షిణదేశపు స్టూడియోలవారు నిలువుటద్దమును తెచ్చిరి. పిల్లను అద్దమునకు వీపు కొంచెము త్రిప్పి నిలిపి, మొగము నేరుగాను, జడ అద్దములోను పడునట్లు కూర్చిరి. వినుట కిది సులభము, చేయుట కష్టము. అద్దములో జడతోపాటు యంత్రమును, నల్లగుడ్డను, చూడవచ్చిన మేనత్తలును పడరాదు. అంతేకాక అద్దములోని ప్రతిబింబము అద్దము వెనుక అంతదూరమున నున్నట్లే యంత్రమునకు తోచును గాన, మొగము స్పష్టముగా నున్న జడ మసకబారును, జడకు సరిచేసిన మొగము మసకబారును. రెండును తేటపడుటకు కటకపు రంధ్రమును మిక్కిలి చిన్నది చేయవలెను. చిన్నది చేసినచో వెలుగు చాలదు, పిల్ల మఱికొంత సేపు ఊపిరి బిగబట్టవలెను. ఇంత పనితనము కలదు గనుకనే స్టూడియో ముంగిట గాజుబీరువాలో పూలజడ పటమును నిలిపి ప్రకటనగా వాడుకొనిరి. రాజా రవివర్మ చిత్రములు 1894 నుండి ఆయన సొంత ముద్రాశాలలో అచ్చుపడి యింటింటికి వచ్చినవి. వాని వలన లక్ష్మీసరస్వతుల నిలుకడలు స్టూడియోవారికి పాఠములైనవని కొందఱందురు. పూలజడ అద్దము మాత్రము ఏ చిత్రకారుని యెరువు కాదని మా అభిప్రాయము.

ఇప్పుడు మా యింటి సంగతి చెప్పెదము.

మా తండ్రిగారికి మేనత్త యగు నొకామె మా యింటనే యుండి కాలము గడపెను. మేము మామ్మ యని పిలుచుచుంటిమి. తెల్లచీర, వట్టిచేతులు, బోసినుదురు. ఆమె నట్లు తప్ప మఱియొక రీతిని మే మెఱుగము. చిన్నతనమున నొక వేసవియందు ఆమె ఱేకుపెట్టెలో చింతపిక్కలకై వెదకుచుండగా అట్టకంటించిన యొక పటము దొరకినది. తొమ్మిదేండ్ల పిల్ల. నుదుట బాసికము, నడుమున వదులైన వడ్డాణము, కాళ్లు నేలనంటక కుర్చీనుండి వ్రేలాడుచున్నవి. ఎవరీ పిల్ల యని యడిగితిమి. మామ్మ పటము తీసికొని, కొంగుతో తుడిచి, "ఆ వడ్డాణం మనది కాదు నాయనా, పక్కింటివాళ్లది. జారిపోతోందని వెనకాల తాడుతో కట్టారు" అని చెప్పి మఱల పెట్టెలో పెట్టెను. అంతకన్న నేమియు చెప్పలేదు.

పటము వెనుక సిరాతో 1930 ఫిబ్రవరి యని యున్నది. ఆ తేదీకి అర్థమును మేము పెద్దవారమైన పిమ్మట గ్రహించితిమి. పండ్రెండు పదునాలుగేండ్లకైనను ముందు ఆడపిల్లకు పెండ్లి చేయుట మన పూర్వుల యాచారము. పదునాలుగేండ్లు నిండని బాలికకు వివాహము కూడదని శారదా చట్టము 1929 సెప్టెంబరులో ఆమోదింపబడెను. అమలునకు వచ్చినది 1930 ఏప్రిలు 1న. ఈ నడుమ ఆఱుమాసములలో బ్రిటిషిండియాలో ఎందఱో తల్లిదండ్రులు చట్టము రాకముందే యని తొందరపడి చిన్నపిల్లలకు పెండ్లిండ్లు చేసివేసిరి. మామ్మ పెండ్లి అట్టి తొందరపెండ్లి. ఆమెకు పదునైదేండ్లు నిండకముందే భర్త జ్వరమున పోయెను. చట్టమునకు రెండుమాసములు ఓపిక పట్టియున్నచో ఏమగునో చెప్పజాలము. పట్టలేదనుటకు ఆ పటము సాక్ష్యము. సంఘపు తీర్మానముల పుస్తకములలో బాల్యవివాహములను ఖండించిన మాటలు చదువుదుము, సంతోషింతుము. పుస్తకము చెప్పని వయస్సును పటము చెప్పును. కుర్చీనుండి వ్రేలాడు కాళ్లకు వాదము లేదు.

1997లో మామ్మ స్వర్గస్థురాలయ్యెను. పదవనాటికి పటము కట్టించి దండ వేయవలెను. ఆమె పటమేదియని వెదకగా ఇంట నున్నది ఆ పెండ్లిపటమొక్కటే. అరువదియేడేండ్లలో మామ్మ నెవ్వరును మఱల యంత్రము నెదుట కూర్చుండబెట్టలేదు. శుభకార్యములందు గుంపుపటము తీయువేళ ఆమె వంటయింటిలో నుండెడిది. పెండ్లిపటము పెట్టుదమని మేమంటిమి. భర్త పోయిన స్త్రీని బాసికముతో, కుంకుమతో గోడకు తగిలించుట శాస్త్రమునకు విరుద్ధమని పెద్దలు కొందఱనిరి. వాదోపవాదములు పెరిగినవి. తుదకు ఓటరు గుర్తింపుకార్డుమీది గోరంత పటమును పట్టణములో పెద్దదిగా చేయించి తెచ్చిరి. కన్నులేవో ముక్కేదో తెలియని ఆ బూడిదరంగు మచ్చకు దండ వేసి నమస్కరించితిమి. అందఱితోపాటు మేమును నోరుమూసికొంటిమి. ఈ తప్పులో మా పాలును కలదు.

పటము వెనుక తేదీయని చెప్పితిమి గదా. ఆ తేదీ క్రింద ఆమె భర్త పేరును, మామగారి పేరును, ఊరి పేరును అందమైన దస్తూరితో వ్రాసియున్నవి. ఆమె పేరు లేదు. ఇదియే మేము పైన చెప్పిన పేచీ. దొరల గ్రంథములలో స్త్రీ కులమునకు మచ్చు, మన యింటి పటములలో ఫలానివారి కోడలు. తరువాత మేము సంఘ సభ్యుల యిండ్లలో కొన్ని పటములను అడిగి చూచితిమి. వెనుక ఏదేని వ్రాత యున్న పటములే కొలదిగా నుండెను. వానిలో పెండ్లికూతురి పేరు వ్రాసినవి చేతివ్రేళ్ల కందును.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. విద్యుద్దీపములు, ఫ్లాషుబల్బులు వచ్చిన పిమ్మట పెండ్లికూతురి ఒంటరిపటము పెరటినుండి, స్టూడియోనుండి పెండ్లింటి లోపలికి వచ్చి గౌరీపూజ దగ్గర స్థిరపడినది. పెండ్లి సందడిలో పిల్ల తానొక్కతె కూర్చుండు సమయమది. కొలదిసేపటికి మేనమామ వచ్చి బుట్టలో పెట్టుకొని పోవును. 1960లో ఉదకమండలమున భారతప్రభుత్వము హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్సు కర్మాగారమును స్థాపించగా 'ఇందు' పేర ఫిలుములు, కాగితములు వెలువడి చిన్న స్టూడియోలకు ఆధారమయ్యెను. ఆ కర్మాగారము నేడు లేదు. నలుపు తెలుపు పటమునకు చేతితో నీటిరంగు లద్దు విద్యయు లేదు. రంగుపటములు, వీడియోలు, పిమ్మట సెల్‌ఫోనులు వచ్చినవి. నేటి వధువు ముహూర్తమునకు ముందు గంటలకొలది ఒంటరిగా పటములు తీయించుకొనుచున్నది. తీయువారిలో స్త్రీలును కలరు. జనానా స్టూడియో గోడలు కూలి నలుదిక్కులు స్టూడియో యైనది. సంతోషమే. నెగెటివుమీది పెన్సిలు మాత్రము కంప్యూటరులో జొరబడి నేటికిని చామనచాయను తెలుపు చేయుచునే యున్నది. ఈ విషయమున నూఱేండ్లలో మనము నడచిన దూర మేమియు లేదు.

పాతవానికి వచ్చిన యాపద వేఱు. మా పట్టణమున నొక స్టూడియో మూతపడినప్పుడు అందలి గాజుపలకలను వేడినీట కడిగి, బొమ్మలను గీకివేసి, పటములకు అద్దములుగా అమ్మిరి. మన యూరి పెండ్లికూతుండ్రెందఱో ఆ నీటిలో పోయిరి. కడిగినవారిని నిందింపము. అడుగుటకు మనలో నెవ్వరును పోలేదు.

కావున సభ్యమహాశయులకు, ముఖ్యముగా వదాన్యులైన పోషకులకు మా విన్నపము. ఈ యేడు మీ యింటి పెట్టెలు తెఱచి చూడుడు. పటమును అంచులయందే పట్టుకొనుడు, బొమ్మపై వ్రేలు పెట్టకుడు. జిగురుగల ఆల్బముల కంటింపకుడు, ఊడదీయునప్పుడు బొమ్మ చిరుగును. గాజుపలక లున్నచో మందుపూసిన వైపు తడి తగులనీయక, ఒక్కొక్కదానిని కాగితమున చుట్టి నిలువుగా పెట్టుడు. ఇంటిలోని వృద్ధస్త్రీలను ఆ పటము లెవరివో యిప్పుడే యడుగుడు, మఱుసటి మహాసభకు ఆగకుడు. తెలిసిన పేరును వెనుక మెత్తని పెన్సిలుతో, అంచున, ఒత్తిడి లేకుండ వ్రాయుడు. సిరా పనికిరాదు, అది ముందువైపునకు దిగును. భర్త పేరు వ్రాయవలదనుట లేదు. ముందు ఆమె పేరు వ్రాసి, క్రింద అది వ్రాయుడు. ఈ పటముల ప్రతులను సంఘ కార్యాలయమున నొక బీరువాలో నుంచుటకు పోషకులలో నెవరేని పూనుకొన్నచో, వచ్చు సంచికలో తలపాగల నడుమ కొన్ని పూలజడలును అచ్చు వేయుటకు వీలగును.

మామ్మ పటము ఇప్పుడు మా యింటి నడవలో నున్నది. బాసికముతోనే యున్నది. ఆమె పేరు అచ్చులో వేయుటకు బంధువులలో నిద్దఱు ఒప్పుకొనలేదు గాన ఇచట వ్రాయలేదు. పటము వెనుక వ్రాసితిమి.